మెట్లు లేని ఇల్లు

ఆగస్టు 4, సోమవారం

నిన్న బాపు బాగుచేయించి తెచ్చిన ఫోన్‌ను ఈ పొద్దున ఆన్ చేశాను. పది రోజుల మెసేజీలు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. అన్నిటికంటే పైన బైక్ ట్యాక్సీ యాప్ నుంచి ఇది:

"మీరు క్షేమంగా చేరుకున్నారు! జైపాల్‌తో మీ ప్రయాణం ఎలా జరిగింది?"

కింద ఐదు ఖాళీ నక్షత్రాలు. జూలై 24, సాయంత్రం 4.52.

ఆ రోజు 4.52కి నేను గంగానగర్ మలుపులో, వానలో, రోడ్డు పక్కన కూర్చుని ఉన్నాను. అప్పటిదాకా బండి నా ఎడమ కాలి మీదే ఉంది. జైపాల్ దాన్ని అప్పుడే ఎత్తి పక్కకు పెట్టాడు. టిప్పర్ల నుంచి కారిన బొగ్గు బురద మీద బ్రేక్ వేశాడు, బండి జారింది, అంతే. లేపి కూర్చోబెట్టాక అతను ఫోన్‌లో ఏదో నొక్కడం చూశాను. ఎవరికో ఫోన్ చేస్తున్నాడనుకున్నాను. "చేరాం" అని నొక్కాడన్నమాట.

నవ్వొచ్చింది. గట్టిగా నవ్వాను.

"ఏందే బిడ్డా, ఒక్కదానివే నవ్వుతున్నవ్?" అంది అవ్వ వంటింట్లోంచి.

"ఏం లేదవ్వా."

నక్షత్రాలు ఇవ్వలేదు. ఆ మెసేజీ తీసెయ్యనూ లేదు.

ఆగస్టు 6, బుధవారం

కాలేజీకి పోలేను కాబట్టి కనిపించిన కాగితమల్లా చదువుతున్నాను. ఈ రోజు దవాఖాన కాగితం చదివాను. ఎముక పేరు, లోపల పెట్టిన కడ్డీ కొలత, మందులు. మొదట్లోనే ఒక వాక్యం: ఇంటి దగ్గర మెట్ల మీద నుంచి జారి పడినట్లు చెబుతున్నారు.

ఆ వాక్యం ఎలా పుట్టిందో రాసిపెట్టుకోవాలి.

జైపాల్ నన్ను ఆటోలో కంపెనీ దవాఖానకు తెచ్చాడు. మేము వెళ్లేసరికి బాపు, రఘుపతి కాక గేటు దగ్గర ఉన్నారు. రఘుపతి కాక బాపుతో పాటు గనిలో దిగేవాడు, ఇప్పుడు యూనియన్ పనులు చూస్తాడు. మా క్వార్టర్ల లైన్లో ఎవరికి ఏ కాగితం కావాలన్నా కాకే. ఆయన నా స్ట్రెచర్ పక్కన నడుస్తూ బాపు చెవిలో అన్న మాటలు నాకూ వినిపించాయి.

"నర్సింగం, యాక్సిడెంట్ అనకు. పోలీస్ కేసు రాస్తరు. పూలమ్మ కొడుకు జైపాల్ బండి గుంజుకపోతరు. మళ్ల నీ బోర్డు సంగతేంది? డిపెండెంట్ కింద ఈ పొల్ల పేరే పెడ్తివి. రోడ్డు మీద కాలిరిగిందని రికార్డుల ఎక్కితే రేపు ఫిట్ ఇస్తరా? ఇంట్ల జారిందను. చిన్నగ ఉంటది."

డాక్టర్ నా చుడిదార్ చూసి, "మెట్ల మీద ఇంత బొగ్గెక్కడిది?" అన్నాడు.

"గోదావరిఖనిల బొగ్గు ఏడుండది సార్?" అన్నాడు కాక.

డాక్టర్ కూడా నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఎన్ని మెట్లమ్మా?" అని అడిగాడు.

"మూడు," అన్నాను.

ఎవరూ చెప్పమనలేదు. ఆ అంకె నాదే.

మాది పాత క్వార్టర్. రెండు గదులు, ఒక వరండా. గడప ముందు బట్టలుతికే బండ ఒకటి. మెట్లు లేవు. మా లైన్లో ఎవరింటికీ లేవు.

ఆగస్టు 7, గురువారం

బోర్డు సంగతి కూడా రాయాలి, లేకపోతే నేనే నన్ను తప్పు పట్టుకుంటాను.

బాపుకు యాభై ఎనిమిది. ఇంకా మూడేళ్లు గనిలోకి దిగాలి. నడుము వంగదు. బూట్ల లేసులు అవ్వ కడుతుంది. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అంటే బాపు పైకొస్తాడు, ఆ నౌకరి పిల్లల్లో ఒకరికి వస్తుంది. పిల్లలంటే నేనే. నాకు ఫిట్ రావాలి. రాకపోతే బాపు పైకి రావడంలో అర్థం లేదు, ఇంట్లో జీతం ఉండదు.

కాబట్టి మూడు మెట్లు.

ఈ రోజు పేపర్లో చూసిన మాట: క్షతగాత్రురాలు. ఎంత అందంగా ఉందో. దెబ్బ తగిలినట్టే లేదు.

ఆగస్టు 9, శనివారం

పూలమ్మ గుడ్లు తెచ్చింది. జైపాల్ తల్లి. మూడో లైన్ చివర కిరాయికి ఉంటారు. జైపాల్ ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు పని చేస్తాడు, షిఫ్టు దిగాక యాప్‌లో బండి తిప్పుతాడు.

"నీ కాళ్లు మొక్కుత సారక్కా, కేసు చెయ్యకుండ్రి," అంది అవ్వతో.

"చేసినమా? ఇంట్ల పడ్డదనే రాపిచ్చినం గద," అంది అవ్వ.

"నీ కడుపు సల్లగుండ."

"నా బిడ్డ కాలు సల్లగుండాలె ముందుగాల."

పూలమ్మ గుడ్లు గంపలోంచి ఒక్కొక్కటే తీసి పెట్టింది. జైపాల్ బయట మందార చెట్టు దగ్గరే నిలబడ్డాడు. రమ్మంటే రాలేదు. కిటికీలోంచి మాట్లాడాను.

"అన్నా, చేరినమని ఎందుకు నొక్కినవ్?"

చాలాసేపు ఆకులు తుంచాడు. "భయమైంది చెల్లె. చేరినమని నొక్కితే చేరినట్టే అయితదేమో అనిపించింది."

తర్వాత మెల్లగా, "స్టార్లు ఎన్నిచ్చినవ్?" అన్నాడు.

"ఇంకా ఇయ్యలే."

"ఒక్కటిస్తే నా ఐడీ బంద్ అయితది. ఇయ్యకుంటే ఏం గాదు."

కోపం రావాలి. రాలేదు. వచ్చిందేమో, గుడ్లు చూసి పోయింది.

ఆగస్టు 19, మంగళవారం

ఒక పని చేశాను. ఎవరికీ చెప్పలేదు.

యాప్‌లో అన్నిటికంటే కింద, ఎవరూ నొక్కని చోట, నిబంధనలు ఉన్నాయి. రెండు రోజులు పట్టింది చదవడానికి. బండి ఎక్కిన ప్రతి ప్రయాణికుడికీ ఆ ప్రయాణం వరకు బీమా ఉంటుందట. తప్పు ఎవరిదని అడగరు. ప్రయాణం మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా తగిలిన దెబ్బలకు, శాశ్వతంగా మిగిలిపోయే లోపానికి ఇంత అని ఇస్తారు. ముప్పై రోజుల లోపు తెలియజేయాలి. ఇరవై ఆరు రోజులు గడిచాయి.

తెలియజేశాను. ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో రాయమన్నారు. సరిగ్గా నాలుగే రాశాను. బురద, బ్రేకు, బండి, కాలు. ఒక్క మాట ఎక్కువ లేదు. రాసింది మూడుసార్లు చదువుకున్నాను. అడిగిన కాగితాలన్నీ ఫొటో తీసి పెట్టాను. దవాఖాన కాగితం కూడా అడిగారు, అదీ పెట్టాను.

ఇది డబ్బు కోసం కాదు. ఎక్కడో ఒక్కచోటైనా జరిగింది జరిగినట్టు ఉండాలని.

సెప్టెంబర్ 3, బుధవారం

వాకర్‌తో పది అడుగులు. నొప్పి లేదు.

సెప్టెంబర్ 4, గురువారం

పద్నాలుగు. నొప్పి లేదు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

వాకర్ లేకుండా గోడ పట్టుకుని వంటింటి దాకా. నొప్పి లేదు. కొంచెం ఉంది.

దవాఖాన కాగితం ఎందుకు పెట్టానా అని ఈ రోజు తోచింది. నేను రాసిన నాలుగు వాక్యాల పక్కనే, ఇంట్లో మెట్ల మీద పడ్డానని చెప్పే కాగితం. అడిగితే అన్నీ ఇచ్చెయ్యడం పరీక్షల్లో మంచి అలవాటు.

చూడరులే. ఎవరు చదువుతారు అన్ని కాగితాలు?

నేను చదవలేదా?

సెప్టెంబర్ 30, మంగళవారం

సద్దుల బతుకమ్మ. డాక్టర్ నడవమన్నాడు కాబట్టి వెళ్లాను. ఒక్క చుట్టు తిరుగుదామని లోపలికి దిగాను. వంగి చప్పట్లు కొడుతూ అడుగేస్తే అందరూ ఒకేలా ఉంటారు, ఎవరి కాలు ఎలా పడుతోందో ఎవరికీ కనిపించదు. నాలుగు చుట్లు తిరిగాను. హాయిగా ఉంది.

ఇంటికొస్తుంటే అవ్వ వెనకాల నడిచింది. ఎప్పుడూ ముందు నడుస్తుంది.

"ఏంది అవ్వా?"

"ఏం లేదు. నడువు."

అక్టోబర్ 8, బుధవారం

ఎక్స్‌రే చూసి డాక్టర్ అన్నాడు: "ఎముక మంచిగ అతికింది. కానీ ఎడమ కాలు ఒకటింబావు సెంటీమీటర్ తగ్గింది."

"మళ్లీ పెరుగుతుందా సార్?"

"పెరిగే వయసు దాటింది గదమ్మా. నడకలో కొంచెం తేడా ఉంటుంది. అలవాటైపోతుంది."

బయట బెంచీ మీద కూర్చున్న బాపుతో, "బొక్క మంచిగ అతికిందన్నడు," అని చెప్పాను. అబద్ధం కాదు. సగం చెప్పాను.

సాయంత్రం ఎడమ చెప్పు సరిచేసుకున్నాను. బాపు పాత గంబూటు ఒకటి పెరట్లో పడి ఉంది. దాని అడుగు రబ్బరు మందంగా ఉంటుంది. మడమ కొలతకు కోసి, చెప్పులో పెట్టి, పైన గుడ్డ అంటించాను. పైకి తెలియదు.

వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను. బాగుంది. చాలా బాగుంది.

అక్టోబర్ 15, బుధవారం

బీమా వాళ్ల మెయిల్. మీరు రాసిన దానికీ, దవాఖాన కాగితానికీ పొంతన లేదు. యాప్ ప్రకారం ప్రయాణం క్షేమంగా ముగిసింది. పోలీసు ఫిర్యాదు లేదు. విచారణకు మా మనిషి వస్తాడు.

పొంతన. మంచి మాట. వంటింటి పొయ్యి పక్కన నీళ్లు కాగే కుండను కూడా మా అమ్మమ్మ పొంతనే అనేది.

భయమేస్తోంది. మాటల గురించి రాస్తే కాసేపు తగ్గుతుంది.

అక్టోబర్ 17, శుక్రవారం

మా తెలుగు లెక్చరర్ పద్మావతమ్మ గారికి మెయిల్ చూపించాను. ఆవిడ మేనకోడలు మైత్రి గారు వకీలు. వాళ్లది మంథని. ఇక్కడ కోర్టు ఎదురుగా జిరాక్స్ షాపు పైన ఆఫీసు. పద్దెనిమిది మెట్లు, నిజమైనవి. పైకెళ్లేసరికి చెమట పట్టింది.

"కూర్చో. మెట్లెక్కుతుంటేనే విన్నాను. ఒక అడుగు బరువుగా, ఒకటి తేలిగ్గా పడుతోంది," అన్నారు.

చెప్పులో రబ్బరు ఉన్నా వినిపించిందా అని అడగబోయి ఆగిపోయాను.

అంతా చెప్పాను. ఆవిడ రాసుకోలేదు, విన్నారు. తర్వాత చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. యాప్ బీమా ఒక దారి. అందులో జైపాల్ తప్పు ఉందా లేదా అని చూడరు, కానీ ప్రమాదం జరిగినట్టు రుజువు కావాలి. రెండో దారి ప్రమాదాల ట్రిబ్యునల్. బండి యజమాని మీద, ఆ బండికి బీమా చేసిన కంపెనీ మీద కేసు వెయ్యాలి. ఆరు నెలల లోపు వేస్తే పేచీ ఉండదు, అంటే జనవరి ఇరవై నాలుగు దాటకూడదు.

"బండిది తెల్ల నంబర్ ప్లేటా?"

"అవును మేడమ్."

"సొంతానికని బీమా చేయించి కిరాయికి తిప్పాడు. కంపెనీ అదే పట్టుకుంటుంది. ముందు మీరు కట్టండి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోండి అని ట్రిబ్యునల్ అనొచ్చు. మొత్తం అతని మీదే వెయ్యనూ వచ్చు."

"జైపాలన్న దగ్గర ఏముందని మేడమ్?"

"అందుకే ముందు యాప్ దారి చూద్దాం. కానీ ఏ దారైనా మొదలయ్యేది ఒక్క చోటే. నువ్వు ఎక్కడ పడ్డావు? ఠాణాలో నిజం రాసిచ్చి, ఆలస్యం ఎందుకైందో, దవాఖానలో అలా ఎందుకు చెప్పారో కూడా రాయాలి. జైపాల్ నిజం చెప్పాలి. మిమ్మల్ని ఎక్కించుకొచ్చిన ఆటో అతను దొరికితే ఇంకా మంచిది. ఆ తర్వాత కాలికి ఎంత లోపం మిగిలిందో సర్టిఫికెట్ తీసుకోవాలి."

అప్పుడు అడిగాను. "ఆ సర్టిఫికెట్ తీసుకుంటే నాకు నౌకరి ఫిట్ వస్తుందా మేడమ్?"

కింద జిరాక్స్ మిషన్ శబ్దం వినిపిస్తోంది.

"వస్తుందని చెప్పలేను, రాదనీ చెప్పలేను. నీ కాలు చూసి వాళ్ల డాక్టర్లు చెప్పాలి. ఒకటింబావు సెంటీమీటర్‌తో ఏ పని ఇవ్వొచ్చో వాళ్లకే తెలుసు. నాకు తెలిసింది ఒక్కటి. అక్కడ బాగుందని, ఇక్కడ బాగాలేదని ఒకే కాలితో చెప్పించలేవు. దాచి చేరి, ఆ తర్వాత బయటపడితే అప్పుడు పోయేది ఈ ఒక్క నౌకరే కాదు."

ఫీజు తీసుకోలేదు. "అత్తయ్య కొడుతుంది," అన్నారు.

దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోలేదు. ఎవరూ చూడటం లేదు, అయినా.

అక్టోబర్ 20, సోమవారం

దీపావళి. ఏమీ రాయాలని లేదు.

నవంబర్ 3, సోమవారం

బాపుకు బోర్డు లెటర్ వచ్చింది. 12వ తారీకు, కొత్తగూడెం.

రఘుపతి కాక రెండు చాయలు తాగాడు. "ఇగ నీ టోపీ మీది చార్జింగ్ లైటు కంపెనీకి అప్పజెప్పు నర్సింగం," అన్నాడు. బాపు నవ్వాడు. ఈ ఏడాదిలో బాపు పళ్లు కనిపించేలా నవ్వడం ఇదే మొదటిసారి.

"బిడ్డా, ఒకపారి నడిచి సూపియ్యి," అన్నాడు కాక.

చెప్పులేసుకుని వరండాలో నడిచాను. మలుపు దగ్గర కూడా తడబడలేదు.

"ఫస్ట్ క్లాస్! మిలిట్రీ నడక!"

బాపు నా ముఖం చూస్తున్నాడు, కాళ్లు కాదు. అవ్వ కాళ్లు చూస్తోంది.

నిజంగానే బాగా నడిచాను. రబ్బరు వల్ల కాదేమో. అలవాటు వల్లేమో. డాక్టర్ అలవాటైపోతుందన్నాడు కదా.

నవంబర్ 6, గురువారం

బీమా మనిషి వచ్చాడు. కరీంనగర్ నుంచి, బైకు మీద. చేతిలో హెల్మెట్, సంచిలో ఫైలు. మెత్తగా మాట్లాడతాడు. బాపు రెండో షిఫ్టు, ఇంట్లోనే ఉన్నాడు. మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాక ఆయన అడిగాడు:

"మెట్లెక్కడున్నయమ్మా?"

అవ్వ గడప ముందు బండ చూపించింది. "గదే సార్."

"ఇది ఒక్కటే గద. దవాఖానల మూడని చెప్పిన్రు."

"అప్పుడుండె సార్. మొన్న కూలగొట్టినం."

"కంపెనీ క్వార్టర్ల మెట్లు మీరెట్ల కూలగొడ్తరవ్వా?" అన్నాడాయన. ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకోవాలనుకున్నట్టు అడిగాడు. తర్వాత బండను ఫొటో తీశాడు. పక్కింటి గడపనూ తీశాడు. ఆ పక్కింటిదీ తీశాడు. లైన్లో ఆడవాళ్లంతా బయటికొచ్చి నిలబడ్డారు.

"ఫైల్ల రెండు మాటలున్నయ్. ఈ అమ్మాయి యాప్‌ల రాసిందొకటి, దవాఖానల ఉన్నదొకటి."

బాపు నా వైపు తిరిగాడు. "నువ్వు రాసినవా?"

తల ఊపాను.

"ఏడ పడ్డవమ్మా?" అన్నాడు బీమా మనిషి.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు గోడకు తగిలించిన బోర్డు లెటర్ కవర్ చూస్తున్నాడు. ఒక్క మాట చాలు. మెట్ల మీద అంటే ఆయన వెళ్లిపోతాడు, యాప్‌లో తప్పు రాశానని ఫైలు మూసేస్తాడు. నోరు తెరిచాను. ఏదీ రాలేదు. రోజుకో కొత్త మాట నేర్చుకునే నాకు.

"సోమవారం దాకా ఫైలు మూయను," అని కార్డు ఇచ్చి వెళ్లిపోయాడు.

బాపు అన్నం తినకుండా షిఫ్టుకు పోయాడు. లేసులు మాత్రం అవ్వే కట్టింది.

నవంబర్ 7, శుక్రవారం

డబ్బు కోసం కాదని ఆగస్టులో రాశాను. అది పూర్తిగా నిజం కాదు. ఫిట్ రాకపోతే ఏదో ఒకటి చేతిలో ఉండాలని అప్పుడే అనుకున్నాను. రెండు వైపులా ఒక్కో చెయ్యి వేసి నిలబడ్డాను.

నవంబర్ 8, శనివారం

మధ్యాహ్నం జైపాల్ వచ్చాడు. ఈసారి వరండా దాకా.

"చెల్లె, లైన్లందరు అనుకుంటున్నరు. నువ్వేం చెప్పినా నేను కాదన. గా దినం బురదల నేనే జోరుగ పోయిన."

"బండి పట్టుకుంటరేమో అన్నా. నీ మీద పైసలు పడుతయేమో."

"తెలుసు. రెండు దినాలసంది నిద్ర లేదు." బండి తాళం జేబులో వేసుకుని, "మా అవ్వకు మాత్రం నేనే చెప్త. బయటోళ్లు చెప్తే గుండె ఆగుతది," అన్నాడు.

పోతూ పోతూ నా చెప్పుల వైపు చూశాడు. అతనికి తెలుసా? అవ్వకు తెలుసా? అందరికీ తెలిసి, నాకొక్కదానికే తెలియనట్టు ఉన్నానా?

నవంబర్ 9, ఆదివారం

గనికి సెలవు. బోర్డుకు కావలసిన కాగితాలు సర్దమని బాపు ట్రంకు పెట్టె నా ముందు పెట్టాడు. మొన్నటి నుంచి నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

తారీకుల వారీగా పేరుస్తున్నాను. పాత సిక్ బుక్కులు, స్కానింగులు, చీటీలు. 2011 నాటి పుస్తకంలో ఒక పేజీ. నడుముకు దెబ్బ, ఇరవై ఒక్క రోజుల రెస్టు. కారణం: ఇంటి దగ్గర మెట్ల మీద నుంచి జారి పడినట్లు చెబుతున్నారు.

రెండుసార్లు చదివాను. నా కాగితం తెచ్చి పక్కన పెట్టాను. అదే వాక్యం. ఒక్క మాట తేడా లేదు.

2011లోనూ మేము ఈ క్వార్టర్లోనే ఉన్నాం.

"బాపూ, ఇదేంది?"

బాపు కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. చదవలేదు. పేజీ చూడగానే తెలిసిపోయినట్టుంది.

"గనిల పైకప్పు బండ వడ్డది," అన్నాడు. "గా షిఫ్టుల కప్పు తట్టి చూసి ఆసరకు దిమ్మె నిలబెట్టాల్సింది సదయ్య. చాయ తాగి వస్తనని పోయిండు. గంతల్నే రాలింది. గనిల తగిలిందంటే ఎంక్వయిరీ వస్తది, సదయ్య నౌకరి పోతది. వానికి ముగ్గురు ఆడపిల్లలు. రఘుపతి అన్నడు, ఇంటికాడ పడ్డనని చెప్పు అని."

"మెట్ల మీద?"

"మెట్ల మీద."

"ఎన్ని మెట్లన్నవ్?"

"ఏమో బిడ్డా. ఐదన్ననేమో."

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో తెలియలేదు. అవ్వ వంటింటి గడప మీద కూర్చుంది. మా ఇంట్లో లేని మెట్ల మీద నుంచి మేమిద్దరం పడ్డాం.

"సదయ్య కాక ఇప్పుడేడున్నడు?"

"రిటైరై రామకృష్ణాపూర్ల ఉంటుండు. పిల్లల పెండ్లిళ్లయినయ్. దసరాకు ఫోన్ జేస్తడు. గా పని తప్పని ఎవల్ని అననియ్యను." బాపు పుస్తకం మూశాడు. "కాని నడుము నొచ్చినప్పుడల్ల డాక్టర్ అడుగుతడు, ఎట్ల తగిలిందని. మెట్ల మీద అంట. పద్నాలుగేండ్లసంది అంటున్న. ఇప్పుడు కండ్లు మూసుకుంటే నాకు గా బండ కనవడది. మెట్లే కనవడ్తయ్. నిజంగ గట్లనే పడ్డనేమో అనిపిస్తది."

నా దవాఖాన కాగితాన్ని నా వైపు జరిపాడు.

"నువ్వు మర్చిపోకముందే చెప్పు బిడ్డా," అన్నాడు.

లేచి వెళ్లి ఎడమ చెప్పు తెచ్చాను. పైన అంటించిన గుడ్డ పీకి, రబ్బరు ముక్క తీసి బాపు చేతిలో పెట్టాను. వేళ్లతో నొక్కి చూశాడు.

"నా బూటే గద."

"అవును బాపూ."

"గింత తగ్గిందా?"

"గింత."

ఆ ముక్కను మూసిన పుస్తకం మీద పెట్టాడు. తర్వాత అన్నాడు. "అయితే కొత్తగూడెం పోను. నీకు ఫిట్ రాకపాయె. నేను పైకొచ్చి ఏం చెయ్యాలె? మూడేండ్లే గద. దిగుత."

ఇదే. ఈ ఒక్క మాట వినకూడదనే కదా ఆగస్టు నుంచి నొప్పి లేదు, నొప్పి లేదు అని రాసుకున్నాను.

అప్పుడు అవ్వ లేచింది. "ఫిట్ వస్తదో రాదో డాక్టర్ చెప్పనియ్యుండ్రి. మీరిద్దరే డాక్టర్లయితిరి. ఇది సక్కగ కుంటుకుంట పోయి చూపెట్టనీ. ఇయ్యకుంటే అప్పుడు చూద్దాం. పన్నెండు తారీకు దాటితే ఇంకో తారీకు రాదా? గిప్పటికి మాత్రం ఈ ఇంట్ల మెట్లెక్కుడు బంద్ చెయ్యుండ్రి. గా బీమాయన ముంగట నా మానం పాయె, కూలగొట్టినమని చెప్తి."

బాపు ముందు నవ్వాడు. తర్వాత నేను.

సాయంత్రం మైత్రి గారికి ఫోన్ చేశాను. రేపు ఠాణా గేటు దగ్గరికి వస్తానన్నారు. జైపాల్‌కు చెప్పాను. "మా అవ్వకు చెప్పిన. ఏడ్చింది. పొద్దున నన్ను తనే లేపుతా అన్నది," అన్నాడు. బాపు ఫోన్‌లో రఘుపతి కాకతో, "రేపు నాగా పెడ్తున్న. ఎందుకని అడగకు," అన్నాడు. నాకు గుర్తున్నంత వరకు బాపు డ్యూటీకి నాగా పెట్టడం ఇదే మొదలు.

ఫిర్యాదు రాశాను. మొదట "క్షతగాత్రురాలనైన నేను" అని మొదలుపెట్టాను. కొట్టేశాను. ఇంకో రెండుసార్లు కొట్టేశాక మిగిలింది ఇది:

జూలై 24 సాయంత్రం దాదాపు నాలుగూ యాభైకి గంగానగర్ మలుపులో జైపాల్ నడుపుతున్న బండి బురదలో జారి నా ఎడమ కాలి మీద పడింది. నేను మెట్ల మీద పడ్డానని దవాఖానలో చెప్పింది నేనే. భయపడి చెప్పాను. మా ఇంటికి మెట్లు లేవు.

ఫిట్ వస్తుందా? తెలియదు. బాపు పైకొస్తాడా? తెలియదు. ఈ పేజీలో రాయడానికి నాకింకేమీ తెలియదు.

రబ్బరు ముక్కను గంబూటు పక్కన పెట్టేశాను. మైత్రి గారు తొమ్మిదిన్నరకు వస్తారు, పది గంటలకు బీమాయనకు ఫోన్ చెయ్యాలి. ఠాణా మా ఇంటికి పది నిమిషాల నడక. ఆ ముక్క లేకుండా నాకు ఇరవై ఐదు పడుతుంది.

రేపు పొద్దున తొమ్మిదింటికే బయలుదేరాలి.